మాజీ సైనికుడు అంటే ఎవరు? – గుర్తింపు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, నిర్వచనంలోని ఒక మాట

వ్యాససంగ్రహం:
అమెరికాలోని రాష్ట్రాలు సైన్యంలో పనిచేసి వచ్చినవారి డ్రైవింగ్ లైసెన్సు మీద ‘వెటరన్’ అనే గుర్తును ముద్రిస్తున్నాయి. భారతదేశపు లైసెన్సు మీద అటువంటి గుర్తు లేదు. ఇక్కడ ఆ పని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు చేస్తుంది. అయితే కార్డు ఏదైనా, దాని వెనుక ‘మాజీ సైనికుడు’ అనే పదానికి ప్రభుత్వం రాసుకున్న నిర్వచనం ఉంటుంది. ఆ నిర్వచనం ఎలా మారుతూ వచ్చింది, ఎవరిని కలుపుకొంది, ఎవరిని వదిలింది, అగ్నివీరుల విషయంలో ఏ మాట దగ్గర ఆగింది అన్నవి కోనసీమలోని ఐనవిల్లి ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మాజీ సైనికుడు, గుర్తింపు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, సైనిక సంక్షేమం, గ్రాట్యుటీ, అగ్నివీర్, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

మన పల్లెల్లో ద్విచక్ర వాహనాల మీద ఎర్రటి అక్షరాలతో ‘ఆర్మీ’ అని రాయించుకోవడం కొత్త కాదు. ఆ బండి ఇప్పుడు సైన్యంలో ఉన్నవానిదో, పదవీ విరమణ చేసి వచ్చినవానిదో, కొడుకు సిపాయి అయ్యాడని మురిసిపోయే తండ్రిదో చూసి చెప్పలేం. ఆ అక్షరాలకు చట్టపరమైన విలువ ఏమీ లేదు. విలువ ఉన్న గుర్తు ఏది, దానిని ఎవరు ఇస్తారు, ఎవరికి ఇస్తారు అనే ప్రశ్నలకు జవాబు వెతికితే విషయం లైసెన్సు మీది ముద్రను దాటి చాలా దూరం పోతుంది.

‘సైన్యంలో పనిచేసి తిరిగి వచ్చినవాడే మాజీ సైనికుడు కదా’ అన్నది లోకజ్ఞానం. చట్టం మాత్రం అలా అనుకోదు. ఎంతకాలం పనిచేశాడు అన్నదానికంటే ఎప్పుడు బయటికి వచ్చాడు, ఎలా వచ్చాడు, వచ్చేటప్పుడు చేతికి ఏమి ఇచ్చి పంపారు అన్నవాటికే అది ఎక్కువ బరువు ఇస్తుంది. ఒకే ఊరి నుంచి వెళ్లి ఒకే రెజిమెంటులో పనిచేసిన ఇద్దరిలో ఒకరు మాజీ సైనికుడై, రెండోవారు కాకపోవడం ఇందువల్లనే సాధ్యమవుతుంది.

2. లైసెన్సు మీద ఉన్నవి, లేనివి

భారతదేశంలో డ్రైవింగ్ లైసెన్సుకు ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు. రాష్ట్రానికొక తీరుగా ఉన్న లైసెన్సు కార్డులను దేశమంతటా ఒకే రూపంలోకి తేవడానికి కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2019 మార్చి 1న నిబంధనలను సవరించింది. కొత్త నమూనా ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అమలాపురం రవాణా కార్యాలయంలో ఇచ్చే కార్డుకైనా ఆదిలాబాదులో ఇచ్చే కార్డుకైనా ఒకటే అచ్చు ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఆ అచ్చులో పేరు, పుట్టిన తేదీ, చిరునామా, రక్తవర్గం, ఏయే తరగతి వాహనాలు నడపవచ్చు అన్న వివరాలు ఉన్నాయి. అత్యవసర సమయంలో పిలవవలసిన ఫోను నంబరుకు చోటు ఉంది. అవయవదానానికి అంగీకరించారా లేదా అన్న గడి కూడా ఉంది. అంటే వాహనం నడపడంతో నేరుగా సంబంధం లేని వివరానికి లైసెన్సు మీద చోటు ఇవ్వకూడదన్న నియమమేమీ లేదు. సైనిక సేవకు మాత్రం గడి లేదు.

గడి లేకపోయినా, సైనిక సేవకూ లైసెన్సుకూ మన చట్టంలో ఒక ముడి ఉంది. దీనిని చాలామంది గమనించరు. దేశరక్షణ పనుల్లో వాడే కేంద్ర ప్రభుత్వ వాహనాలను నడిపేవారికి నిర్ణీత అధికారి విడిగా లైసెన్సు ఇవ్వవచ్చని చట్టంలోని 18వ సెక్షను చెబుతుంది. ఆ లైసెన్సుతో ఆ వాహనాలను తప్ప వేరే బండిని నడపకూడదు. సెలవులో ఊరికి వచ్చిన సైనిక డ్రైవరు దానిని చూపి సొంత ఆటో నడపడం కుదరదు. కానీ అతడు సాధారణ లైసెన్సుకు దరఖాస్తు చేసుకుంటే 9వ సెక్షను అతనికి ఒక వెసులుబాటు ఇస్తుంది. 18వ సెక్షను కింద ఏ తరగతి వాహనానికి లైసెన్సు ఉందో లేదా ఇంతకుముందు ఉండేదో, ఆ తరగతికి మళ్లీ డ్రైవింగు పరీక్ష అవసరం లేదు. ఆర్మీ సర్వీసు కోర్‌లో పదిహేనేళ్లు లడఖ్ కనుమల్లో లారీ తోలినవానిని ఇంటికి వచ్చాక ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపించమనడం న్యాయం కాదని చట్టం గ్రహించిందన్న మాట. ఇక్కడ చట్టం చూసేది మనిషి హోదాను కాదు, నైపుణ్యాన్ని. అతడు మాజీ సైనికుడని నిరూపించుకోనక్కరలేదు, పాత లైసెన్సు చూపితే చాలు.

3. అమెరికా లైసెన్సు మీది మాట

సైనిక సేవను లైసెన్సు మీదనే గుర్తించే పద్ధతి అమెరికాలో బాగా స్థిరపడింది. అక్కడ లైసెన్సు రాష్ట్రాల వ్యవహారం కనుక వివరాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన రాష్ట్రాల్లో ఒకటైన కాలిఫోర్నియాను ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ 2015 నవంబరు నుంచి లైసెన్సు మీద ‘వెటరన్’ అన్న పదం ముద్రిస్తున్నారు. అందుకు 5 డాలర్ల అదనపు రుసుము ఉంది. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, రవాణా శాఖ ఎవరు వెటరన్ అన్నది తాను తేల్చదు. దరఖాస్తుదారు ముందుగా తన కౌంటీలోని సైనికోద్యోగుల సేవా కార్యాలయానికి విడుదల పత్రంతో వెళ్లాలి. అక్కడివారు పరిశీలించి ధ్రువీకరణ పత్రం ఇస్తారు. రవాణా శాఖ దానిని చూసి ముద్ర వేస్తుంది. మన జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చేసే పనికి ఇది చాలా దగ్గర.

విడుదల పత్రమంటే అక్కడ ప్రసిద్ధమైన 214వ నంబరు పత్రం. సేవ చేసిన కాలం, పొందిన శిక్షణ, పతకాలు, అన్నిటికంటే ముఖ్యంగా ఏ స్వభావంతో విడుదల చేశారన్న వివరం అందులో ఉంటాయి. గౌరవప్రదమైన విడుదల, గౌరవప్రద పరిస్థితుల్లో సాధారణ విడుదల, గౌరవప్రదం కాని విడుదల, దుష్ప్రవర్తన వల్ల విడుదల, అగౌరవకరమైన విడుదల అని మెట్లు ఉన్నాయి. క్రియాశీల సైనిక సేవ చేసి, అగౌరవకరమైనవి కాని పరిస్థితుల్లో విడుదలైన వ్యక్తి వెటరన్ అని అమెరికా సమాఖ్య చట్టం నిర్వచిస్తుంది. లైసెన్సు ముద్రకు రాష్ట్రాలు ఇంతకంటే కఠినంగా, గౌరవప్రదమైన విడుదలనే అడగవచ్చు.

ఈ నిర్వచనం పింఛను ఊసు ఎత్తలేదన్నది గమనార్హం. మూడేళ్లో నాలుగేళ్లో ఒప్పందం ప్రకారం పనిచేసి, మంచి పేరుతో ఇంటికి వచ్చిన పాతికేళ్ల యువకుడు అక్కడ సందేహం లేకుండా వెటరన్. హైదరాబాదులో పుట్టి టెక్సస్‌లో పెరిగి అమెరికా సైన్యంలో చేరిన తెలుగు యువకుడికి నాలుగేళ్లకే దొరికే హోదా, ఐనవిల్లిలో పుట్టి భారత సైన్యంలో అగ్నివీర్‌గా చేరిన యువకుడికి అదే నాలుగేళ్లకు దొరకదు. ఎందుకు దొరకదో తెలియాలంటే మన నిర్వచనపు చరిత్ర చూడాలి.

4. నిర్వచనం నడిచివచ్చిన దారి

సైనికుల బాగోగులు చూసే వ్యవస్థ మన దేశంలో మొదటి ప్రపంచ యుద్ధపు నీడలో పుట్టింది. 1919లో ఏర్పడిన భారత సైనికుల బోర్డు, 1951లో నావికులనూ వైమానిక దళంవారినీ పేరులో కలుపుకొని, 1975లో కేంద్రీయ సైనిక బోర్డు అయింది. దీని కింద రాష్ట్రాల్లో రాజ్య సైనిక బోర్డులు, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు పనిచేస్తున్నాయి. రక్షణ మంత్రిత్వ శాఖలో మాజీ సైనికుల సంక్షేమానికి ప్రత్యేక విభాగం 2004లో వచ్చింది. అయితే నిర్వచనాన్ని రాసింది ప్రధానంగా ఉద్యోగ నియామకాల నిబంధనలు. మాజీ సైనికులకు కేంద్ర ప్రభుత్వ గ్రూప్ ‘సి’ కొలువుల్లో 10 శాతం, గ్రూప్ ‘డి’ కొలువుల్లో 20 శాతం కేటాయించినప్పుడు, ఆ కేటాయింపు ఎవరికి అన్న ప్రశ్న రాక తప్పదు. 1979 నాటి పునర్నియామక నిబంధనల్లోని నిర్వచనం అలా పుట్టింది.

ఆ 1979 నిర్వచనం నేటి కళ్లకు ఎంతో ఉదారంగా కనిపిస్తుంది. సైనికుడిగా ప్రమాణం చేసిన తరువాత నిరంతరంగా ఆరు నెలలు పనిచేసి, తన కోరికపై కాకుండా, దుష్ప్రవర్తన వల్లనో అసమర్థత వల్లనో కాకుండా విడుదలైనవాడు మాజీ సైనికుడు. తానే కోరి బయటికి వచ్చినవాడైతే ఐదేళ్లు పనిచేసి ఉండాలి. పింఛను రావాలన్న షరతు లేదు. స్వదేశీ సంస్థానాల సైన్యాల్లో పనిచేసినవారూ ఇందులో ఉన్నారు. కాని టెరిటోరియల్ ఆర్మీ, అస్సాం రైఫిల్స్, రక్షణ భద్రతా దళం వంటివాటిని స్పష్టంగా మినహాయించారు.

1987 జూలై 1 నుంచి గీత జరిగింది. ఆ తేదీ నాడు లేదా ఆ తరువాత విడుదలైనవారికి ఎంతకాలం పనిచేశారన్న కొలత పోయి, ఏమి పొందారన్న కొలత వచ్చింది. రక్షణ బడ్జెట్టు నుంచి ఏదో ఒక రకం పింఛనుతో రావాలి. లేదా నిర్దిష్ట ఒప్పంద కాలం పూర్తిచేసుకొని గ్రాట్యుటీతో రావాలి. అప్పుడు కూడా తన కోరికపై కాకుండా, దుష్ప్రవర్తన లేకుండా రావాలి. టెరిటోరియల్ ఆర్మీలో కొన్ని తరగతులవారికి మాత్రం తలుపు కొద్దిగా తెరుచుకుంది. కాబట్టి 1987 జూన్ 30న విడుదలైనవానికీ జూలై 1న విడుదలైనవానికీ కొలబద్దలు వేరు. ఐనవిల్లి మండలంలో నేడు డెబ్బై ఏళ్లు దాటిన ఎవరైనా ‘మా కాలంలో ఆరు నెలలకే ఇచ్చేవారు’ అంటే అది ముసలివారి మాట అని కొట్టివేయరాదు. వారి కాలానికి ఆ మాట నిజం.

2012 అక్టోబరు 4న నిబంధనలను మళ్లీ సవరించారు. నేటికి ఆధారం ఈ పాఠమే. దీని ప్రకారం సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల్లో, పోరాట విభాగంలోనైనా కాకున్నా, ఏ హోదాలోనైనా పనిచేసి, పింఛను సంపాదించుకొని వచ్చినవారు మాజీ సైనికులు. అది తమ కోరికపై వచ్చినా, ప్రభుత్వం పంపినా తేడా లేదు. సైనిక సేవ వల్ల కలిగిన వైద్య కారణంతో గాని, తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల గాని విడుదలై వైద్య లేదా వైకల్య పింఛను పొందినవారూ, బలగాన్ని తగ్గించినప్పుడు పంపివేయబడినవారూ ఇందులోకి వస్తారు. నిర్దిష్ట ఒప్పంద కాలం పూర్తిచేసి గ్రాట్యుటీ పొందినవారు రెండో పాయ. షార్ట్ సర్వీసు అధికారులు ఈ పాయలోనే వస్తారు. టెరిటోరియల్ ఆర్మీ పింఛనుదారులు, సైనిక తపాలా సేవలోని కొన్ని తరగతులు, శౌర్య పతక గ్రహీతలు తరువాతి పాయలు. చివరిది, శిక్షణలోనే గాయపడి వైకల్య పింఛనుతో ఇంటికి పంపబడిన రిక్రూట్లు. శిక్షణ పూర్తికాని సిపాయిని మాజీ సైనికునిగా ఒప్పుకోవడం నిజంగా మంచి మార్పు. కాని అధికారి కావడానికి శిక్షణ పొందుతూ గాయపడిన క్యాడెట్లు ఈ వాక్యంలోకి రాలేదు. వారి దుస్థితిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణకు చేపట్టింది. ఆ నెలాఖరులో రక్షణ శాఖ వారికి మాజీ సైనికుల ఆరోగ్య పథకాన్ని వర్తింపజేసింది.

ఇంకొక మాట. మాజీ సైనికుడన్న హోదా, పింఛను, ఆరోగ్య పథకం, క్యాంటీన్ కార్డు ఇవన్నీ ఒకే మూట అనుకోవడం పొరపాటు. ఒక్కొక్కదానికి వేరువేరు నియమాలు ఉన్నాయి. అలాగే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు రాష్ట్రాలు తమ నిబంధనల్లో నిర్వచనాన్ని విడిగా రాసుకోవచ్చు. కేంద్రపు పాఠాన్ని చూసి రాష్ట్ర ఉద్యోగ ప్రకటనకు అర్హత నిర్ణయించుకునేవారు ఆ ప్రకటనలోని పాఠాన్ని కూడా చదవక తప్పదు.

5. ఐనవిల్లి నుంచి కాకినాడకు

నిర్వచనంలో ఇమిడినవానికి గుర్తింపు కార్డు ఇచ్చేది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. కోనసీమ 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయింది. అంతకుముందు ఇదంతా తూర్పు గోదావరి. ఉమ్మడి జిల్లాకు ఆ కార్యాలయం కాకినాడలో ఉండేది కనుక, ఐనవిల్లి ప్రాంతపు పాత సైనికులు ఎన్నోసార్లు నడిచిన దారి కాకినాడ దారే. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి, కోటిపల్లిలో దిగి, ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా పోవడం ఒకటి. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక–యానాం వంతెన దాటి పోవడం మరొకటి. బాలయోగి పేరుతో ఆ వంతెన రాకముందు ఈ రెండు దారుల్లో ఏ దారిన వెళ్లినా గోదావరిని పడవ మీదో పంటు మీదో దాటవలసిందే. వరద వచ్చి రేవు ఆగితే పని కూడా ఆగేది.

వెళ్లేవాడు పట్టుకుపోవలసినవాటిలో ముఖ్యమైనది డిశ్చార్జి పుస్తకం. అందులో చేరిన తేదీ, విడుదలైన తేదీ, విడుదలకు కారణం, ఏ నియమం కింద పంపారో ఆ నియమపు సంఖ్య, ప్రవర్తన గురించిన వ్యాఖ్య ఉంటాయి. నిర్వచనంలోని ప్రతి షరతుకూ సమాధానం ఆ పుటల్లోనే దొరుకుతుంది. ‘తన కోరికపై’ అన్న రెండు మాటలు కారణం గడిలో ఉన్నాయంటే, పింఛను లేనివానికి 2012 పాఠంలో చోటు దొరకడం దాదాపు అసాధ్యం. పింఛనుదారులైతే పింఛను చెల్లింపు ఉత్తర్వు కూడా చూపాలి. మరణించిన సైనికుని భార్యకు విడిగా కార్డు ఇస్తారు.

కష్టం తరచుగా అర్హతలో కాక, పేరులో వస్తుంది. పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్నట్లు ఇంటిపేరు ముందు పెట్టి ఒకచోట, చివర పెట్టి మరొకచోట, పొడి అక్షరంగా ఇంకొకచోట రాసి ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు భార్య పేరుతో. పెళ్లయిన కొత్తలో సైనికుడు యూనిట్‌లో దరఖాస్తు ఇస్తే ఆ వివరాన్ని ‘పార్ట్ టు ఆర్డరు’గా ప్రచురించి రికార్డు కార్యాలయానికి పంపుతారు. సైన్యం ఆమెను ఆ పేరుతోనే ఎరుగుతుంది. కోనసీమ ఇళ్లలో ముద్దుపేరే అసలు పేరుగా చలామణి కావడం మామూలు. ఆ రోజున ఏది చెప్పారో అదే నమోదైపోతుంది. ముప్పై ఏళ్ల తరువాత ఆధార్ కార్డులో వేరే పేరు, బ్యాంకు పుస్తకంలో మూడో పేరు. భర్త బతికి ఉండగా సరిదిద్దుకుంటే కొద్దిపాటి కాగితాల పని. ఆయన పోయిన తరువాత అదే పని కుటుంబ పింఛనుకు అడ్డుగోడ అవుతుంది. రికార్డు కార్యాలయాలేమో సైనికుడు పనిచేసిన విభాగాన్ని బట్టి దేశంలో ఎక్కడెక్కడో ఉంటాయి. మద్రాసు రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానిది నాసిక్ రోడ్డులో. మరమ్మతుల దళం, ఆయుధ సామగ్రి దళం వారివి సికింద్రాబాదులో ఉండడం తెలుగువారికి కొంత ఊరట. ఈ వ్యాసం చదివేవారి ఇంట్లో సైనికుడు ఉంటే, అతని భార్య పేరు సైన్యపు కాగితాల్లో ఏ అక్షరాలతో ఉందో ఈ సెలవుల్లోనే చూసుకోవడం మంచిది.

కార్డు చేతికి వచ్చాక దాని విలువ ఎక్కడెక్కడ? ఉద్యోగాల్లో కేటాయింపు, వయోపరిమితి సడలింపు మొదటివి. కేంద్ర ఉద్యోగాలకు వయసు లెక్కించేటప్పుడు మాజీ సైనికుని వయసులోంచి సేవాకాలాన్ని తీసివేస్తారు. మిగిలినది గరిష్ఠ పరిమితిని మూడేళ్లకు మించి దాటకూడదు. పదిహేడేళ్లు పనిచేసి ముప్పై ఏడో ఏట ఇంటికి వచ్చినవాడు ఈ లెక్కలో ఇరవై ఏళ్లవాడు. భూమి విషయం కూడా ఉంది. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి అమ్మకాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 1977 చట్టం నిషేధించింది. మాజీ సైనికులకు ఇచ్చిన భూమిని మాత్రం పదేళ్ల తరువాత అమ్ముకోవచ్చని 1993 నవంబరు 11 నాటి రెవెన్యూ శాఖ ఉత్తర్వు 1117 వెసులుబాటు కల్పించింది. అటువంటి భూమి కొనేవాడు అమ్మేవాని హోదాను నిగ్గు తేల్చుకోవలసి రావడం ఇందువల్లనే.

కార్డుకు లేని విలువను ఆపాదించడమూ జరుగుతుంది. జాతీయ రహదారి టోల్‌గేట్ల దగ్గర వాగ్వాదాలు ఇందుకు ఉదాహరణ. 1901 నాటి టోల్ చట్టం ఇచ్చిన మినహాయింపు విధి నిర్వహణలో ఉన్నవారికి సంబంధించింది. పదవీ విరమణ చేసినవారికి అది లేదు. పరమవీర చక్ర మొదలు శౌర్య చక్ర వరకు పతకాలు పొందినవారికి 2008 నాటి రుసుము నిబంధనలు మినహాయింపు ఇచ్చాయి, ధ్రువీకరించిన ఫోటో కార్డు చూపాలన్న షరతుతో. లైసెన్సు మీద ‘మాజీ సైనికుడు’ అని ముద్రిస్తే ఈ వాగ్వాదాలు తగ్గుతాయో పెరుగుతాయో ఊహించవచ్చు.

6. గీతకు అవతల ఉన్నవారు

కేంద్ర రిజర్వు పోలీసు దళంలోనో సరిహద్దు భద్రతా దళంలోనో పాతికేళ్లు పనిచేసి వచ్చినవానిని ఊరు ‘మిలిటరీ ఆయన’ అనే పిలుస్తుంది. చట్టం దృష్టిలో అతడు మాజీ సైనికుడు కాడు. ఆ దళాలు హోం మంత్రిత్వ శాఖ కిందివి. వారికి ఒక పేరంటూ ఉండాలని 2012 నవంబరు 23న హోం శాఖ ‘మాజీ కేంద్ర సాయుధ పోలీసు దళ సభ్యులు’ అన్న గుర్తింపు ఇచ్చింది. కాకినాడ రేవులో కనిపించే తీరరక్షక దళం రక్షణ శాఖ కిందిదే అయినా, నిర్వచనంలో ఉన్నవి సైన్యం, నౌకాదళం, వైమానిక దళం అన్న మూడు పేర్లే కనుక అదీ అవతలే నిలిచింది. అయితే గీత ఎప్పుడూ అక్కడే గీయాలని లేదు. గ్రామ పంచాయతీల్లో రక్షణ దళాలవారి ఇళ్లకు ఆస్తిపన్ను మినహాయిస్తామని 2025 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించినప్పుడు పారామిలిటరీ దళాలను కూడా కలుపుకొంది. ప్రయోజనాన్ని బట్టి గీతను ముందుకు జరపవచ్చన్నమాట.

7. అగ్నివీరులు, ‘గ్రాట్యుటీ’ అన్న మాట

అగ్నిపథ్ పథకాన్ని కేంద్రం 2022 జూన్ 14న ప్రకటించింది. ఇప్పుడు ఐనవిల్లి నుంచి సిపాయిగా వెళ్లదలచిన యువకుడికి ఉన్న ద్వారం ఇదే. సేవాకాలం నాలుగేళ్లు. ఆ తరువాత గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే సాధారణ సైన్యంలోకి తీసుకుంటారు. మిగిలినవారు ‘సేవానిధి’ తీసుకొని ఇంటికి రావాలి. పథకం ప్రకటించినప్పుడే షరతుల్లో స్పష్టంగా రాశారు: పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుల ఆరోగ్య పథకం లేదు, క్యాంటీన్ లేదు, మాజీ సైనికుని హోదా లేదు.

2012 నిర్వచనంలోని రెండో పాయను ఇక్కడ మళ్లీ చదవాలి. నిర్దిష్ట ఒప్పంద కాలం పూర్తిచేయాలి. అగ్నివీర్ పూర్తిచేస్తాడు. తన కోరికపై వచ్చి ఉండకూడదు. నాలుగేళ్లు నిండాక అతనిని పంపేది ప్రభుత్వమే. దుష్ప్రవర్తనతో, అసమర్థతతో పంపబడి ఉండకూడదు. పంపబడలేదు. గ్రాట్యుటీ ఇచ్చి ఉండాలి. ఇక్కడ ఆగిపోతాడు. నాలుగు షరతుల్లో మూడింటిని నెరవేర్చినవానిని నాలుగోది ఆపుతుంది. ఆ నాలుగోది అతని నడవడికి గాని సేవకు గాని సంబంధించినది కాదు. ప్రభుత్వం ఇచ్చే సొమ్ముకు ఏ పేరు పెట్టింది అన్నదానికి సంబంధించినది.

ఆ సొమ్ము లెక్క చూద్దాం. నెలకు మొదటి ఏడు 30,000, రెండో ఏడు 33,000, మూడో ఏడు 36,500, నాలుగో ఏడు 40,000 రూపాయలు. ప్రతి నెలా అందులో 30 శాతం నిధికి పోతుంది. నాలుగేళ్లలో సైనికుని జీతం నుంచి తీసినది సుమారు 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిసి చేతికి వచ్చేది సుమారు 11.71 లక్షలు. దీనిలో సగం అతని జీతమే. ప్రభుత్వం కలిపిన మిగతా సగం, సేవ ముగిసినప్పుడు యజమాని ఉద్యోగికి ఇచ్చే సొమ్ము. లోకంలో దానిని గ్రాట్యుటీ అనే అంటారు. కాని పథకం దానికి ఆ పేరు పెట్టలేదు సరికదా, గ్రాట్యుటీ ఉండదని విడిగా చెప్పింది. నిర్వచనాన్ని మార్చనవసరం లేకుండానే, సొమ్ము పేరు మార్చడంతో ఒక తరం సిపాయిలు దాని వెలుపలికి వెళ్లారు.

వైకల్యం విషయంలో ఈ తేడా మరింత బాధాకరం. పాత పద్ధతిలో చేరిన రిక్రూటు శిక్షణలో కాలు పోగొట్టుకొని వైకల్య పింఛను పొందితే, ఒక్కరోజు కూడా సరిహద్దు చూడకపోయినా అతడు మాజీ సైనికుడు. సేవ కారణంగా వైకల్యం పొందిన అగ్నివీర్‌కు వచ్చేది ఏకమొత్తపు సొమ్ము. 50, 75, 100 శాతం వైకల్యాలకు వరుసగా 15, 25, 44 లక్షలు. మొత్తం చిన్నదేమీ కాదు. కాని అది పింఛను కాదు. కనుక వైకల్యపు పాయలోంచి కూడా అతడు మాజీ సైనికుడు కాలేడు.

పథకాన్ని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. సైన్యం సగటు వయసు తగ్గాలి, పింఛను భారం తగ్గాలి అన్నవి నిజమైన అవసరాలు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో మాజీ అగ్నివీరులకు 10 శాతం కేటాయింపును హోం శాఖ పథకం వచ్చిన వారంలోపే ప్రకటించింది. కాని పింఛను ఇవ్వకపోవడం ఒక నిర్ణయం, మాజీ సైనికుడని పిలవకపోవడం మరొక నిర్ణయం. మొదటిదానికి డబ్బు కావాలి. రెండోదానికి కావలసినది నిబంధనలో ‘గ్రాట్యుటీ’ అన్న మాట పక్కన ‘లేదా సేవానిధి’ అన్న మాట. 1979లో పింఛనుతో పనిలేకుండానే ఆరు నెలల సిపాయిని మాజీ సైనికుడని మన ప్రభుత్వమే పిలిచింది. అందువల్ల ఇది పూర్వోదాహరణ లేని కోరిక కాదు.

లైసెన్సు మీద గుర్తు ముద్రించాలన్న ఆలోచనను ఈ నేపథ్యంలోనే తూచాలి. సాంకేతికంగా అది కష్టమైన పని కాదు. అవయవదాత గడి పక్కన మరో గడి చాలు. కాని ఆ గడిని నింపేది రవాణా శాఖ గుమస్తా అయినా, నిర్ణయించేది 2012 పాఠమే అవుతుంది. గుర్తింపు కార్డును అవసరమైనచోటనే తీసి చూపుతాం. లైసెన్సునైతే ట్రాఫిక్ పోలీసు నుంచి లాడ్జి గుమస్తా దాకా అందరికీ చూపవలసి వస్తుంది. ఇద్దరు అన్నదమ్ములు, ఒకరు పదిహేడేళ్లు చేసి పింఛనుతో వచ్చినవారు, రెండోవారు అగ్నివీర్‌గా నాలుగేళ్లు చేసి వచ్చినవారు, ఒకే రోజున అమలాపురంలో లైసెన్సు తీసుకుంటే అన్నకు ముద్ర పడుతుంది, తమ్మునికి పడదు. కాశ్మీరులో ఇద్దరూ ఒకే గుడారంలో పడుకొని ఉన్నా సరే.

2022 చివర శిక్షణలో చేరిన తొలి దళానికి నాలుగేళ్లు 2026 చివరికి నిండుతాయి. పద్దెనిమిదేళ్లకు వెళ్లినవాడు ఇరవై రెండేళ్లకు ఊరికి వస్తాడు. అతని సంచిలో నైపుణ్య ధ్రువపత్రం, విడుదల పత్రం, బ్యాంకులో సేవానిధి ఉంటాయి. సైన్యంలో బండి నడిపినవాడైతే 18వ సెక్షను లైసెన్సు కూడా ఉంటుంది. దానిని పారవేయకుండా అమలాపురం రవాణా కార్యాలయానికి తీసుకుపోతే డ్రైవింగు పరీక్ష తప్పుతుంది. గ్రాట్యుటీ అందిందా అన్న ప్రశ్న ఆ కౌంటరు దగ్గర ఎవరూ అడగరు.